బ్యాంకు వేలం వేసేలోపు మన ఇల్లు మనమే అమ్ముకోవడం ఎలా

మా బావ బ్యాంకు నోటీసుని సత్యనారాయణ స్వామి పటం వెనక దాచాడు. అరవై రోజుల గడువున్న కాగితం అది, నలభై రోజులు అక్కడే ఉండిపోయింది. శుక్రవారం పటాలు తుడుస్తుంటే అక్కకి దొరికింది, నాకు ఫోన్ చేసింది, నేను విజయనగరంలో బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లాను. బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఏటి సేద్దాం బావా" అన్నాడు, అంతే, ఇంకేం మాట్లాడలేదు. చిన్న చిన్న కాంట్రాక్టు పనులు చేస్తాడు, బిల్లులు ఆగాయి, ఈఎంఐలు ఆగాయి, మిగతాది ఊహించుకోవచ్చు.

ఆ తర్వాత ఐదు నెలలు నేను బ్యాంకు చుట్టూ, రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ, బ్రోకర్ల చుట్టూ తిరిగి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా. నేను లాయర్ని కాదు. కానీ ఇల్లు పోకుండా కాపాడుకోలేం అని తేలిపోయాక కనీసం ఇంటి విలువ పోకుండా కాపాడుకోవచ్చని, దానికి కావలసింది డబ్బు కంటే ముందు రోజులని బాగా తెలిసొచ్చింది.

ముందు ఒక మాట గురించి. బ్యాంకు కౌంటర్ దగ్గరికి వెళ్లి "ఫోర్‌క్లోజర్" అంటే వాళ్లకి అర్థమయ్యేది వేరు. మన బ్యాంకుల్లో ఫోర్‌క్లోజర్ అంటే గడువుకి ముందే అప్పు మొత్తం కట్టేసి ఖాతా మూయించుకోవడం. ఇల్లు స్వాధీనం చేసుకుని వేలం వేసే వ్యవహారానికి వాళ్లు వాడే మాట సర్ఫేసీ, అంటే 2002లో వచ్చిన చట్టం పేరు. విచిత్రం ఏంటంటే మీకు రెండూ కావాలి, సర్ఫేసీ నుంచి బయటపడాలంటే ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ అడగాలి.

మీరు ఎన్నో మెట్టు మీద ఉన్నారు

వాయిదా 90 రోజులు దాటి బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. అప్పటికింకా 90 రోజులు నిండలేదంటే మీరు అదృష్టవంతులు, ఈ వ్యాసం సగం మీకు అక్కర్లేదు. బ్రాంచికి వెళ్లి ఈఎంఐ తగ్గించి గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి, లేదా ఈ దశలోనే ఇల్లు అమ్మకానికి పెట్టేయండి, ఎందుకంటే ఇప్పుడు మీ ఇల్లు మామూలు లోన్ ఉన్న ఇల్లు మాత్రమే, అలాంటివి రోజూ అమ్ముడవుతాయి, ఎవరూ వింతగా చూడరు. ఎన్‌పీఏ అయ్యాక ఒకట్రెండు వాయిదాలు కడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. పాత బకాయి వడ్డీతో సహా మొత్తం కడితేనే ఖాతా మళ్లీ మామూలు స్థితికి వస్తుంది.

తర్వాత వచ్చేది సర్ఫేసీ చట్టం సెక్షన్ 13(2) కింద నోటీసు. మొత్తం అప్పు ఎంతో రాసి, 60 రోజుల్లో కట్టమంటారు. కట్టకపోతే 13(4) కింద స్వాధీనం. ఇది మొదట కాగితం మీదే ఉంటుంది, సింబాలిక్ పొజెషన్ అంటారు, గేటుకి నోటీసు అంటిస్తారు, ఏడు రోజుల్లోపు రెండు పేపర్లలో వేస్తారు, అందులో ఒకటి తెలుగు పేపరు. మీరు ఇంట్లోనే ఉంటారు. నిజంగా ఖాళీ చేయించాలంటే బ్యాంకు కలెక్టర్‌కి దరఖాస్తు పెట్టి ఆర్డరు తెచ్చుకుంటుంది. రాజాం వాళ్లు 2022లో జిల్లాలు మారాక విజయనగరం కలెక్టరేట్ కిందకి వచ్చారు కాబట్టి దాని గురించి కనుక్కోవాలంటే అక్కడికి వెళ్లాలి, పాత అలవాటుతో శ్రీకాకుళం వెళ్లి రోజు పాడు చేసుకోవద్దు. ఆ తర్వాత వాల్యుయేషన్, రిజర్వ్ ధర అంటే వేలంలో కనీస ధర, ఆపైన వేలం ప్రకటన.

ఈ మొత్తంలో మీరు గుర్తుపెట్టుకోవలసిన గీత ఒక్కటే: వేలం ప్రకటన వెలువడే రోజు. అప్పు మొత్తం, ఖర్చులతో సహా కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు ఆ ప్రకటన వెలువడేదాకానే, 2016లో చట్టాన్ని అలా సవరించారు, సుప్రీం కోర్టు కూడా 2023లో అదే చెప్పింది. వేలం రోజు దాకా టైముందిలే అనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ప్రకటన తర్వాత బ్యాంకు ఒప్పుకుంటే వాళ్ల దయ, మన హక్కు కాదు.

రెండు చిన్న విషయాలు కూడా చూసుకోండి. మిగిలిన బాకీ అసలు వడ్డీ కలిపిన మొత్తంలో 20 శాతం కంటే తక్కువైతే ఈ చట్టం కింద ఇంటి మీదకి రాలేరు. తనఖా పెట్టింది వ్యవసాయ భూమి అయినా అంతే.

బ్రోకర్ కంటే ముందు బ్యాంకుకి

నేను చేసిన మొదటి తప్పు ఇది. వెళ్లిన సాయంత్రమే ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర తెలిసిన బ్రోకర్‌ని కలిసి ఇల్లు చెప్పేశాను. మర్నాడు బ్యాంకుకి వెళ్తే తెలిసింది, 13(2) నోటీసు వచ్చాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ఇంటిని అమ్మడానికి గానీ లీజుకివ్వడానికి గానీ వీల్లేదు. అడ్వాన్స్ తీసుకుని ఉంటే మేమే ఇరుక్కునేవాళ్లం.

బ్రాంచి మేనేజర్‌తో మాట్లాడండి గానీ అక్కడే ఆగిపోకండి. ఎన్‌పీఏ అయిన ఖాతా చాలా బ్యాంకుల్లో బ్రాంచి చేతిలో ఉండదు, రీజనల్ ఆఫీసులో రికవరీ సెక్షన్ చూస్తుంది. నోటీసు కింద సంతకం చేసినాయన ఆథరైజ్డ్ ఆఫీసర్. మీ ఉత్తరం ఆయన పేరు మీదే ఉండాలి. మేం రాసింది ఒక పేజీ: ఇంత బాకీ ఉందని ఒప్పుకుంటున్నాం, ఇల్లు మేమే అమ్మి మొత్తం కట్టేస్తాం, 90 రోజులు గడువివ్వండి, అమ్ముకోవడానికి రాతపూర్వక అనుమతి ఇవ్వండి, డబ్బు కొనేవాళ్ల దగ్గర్నుంచి నేరుగా మీ ఖాతాకే వస్తుంది. ఒకటి చేతికిచ్చి కాపీ మీద స్టాంపు వేయించుకున్నాం, ఇంకొకటి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. నోటీసులో లెక్క తప్పనిపిస్తే అదే ఉత్తరంలో రాయండి. అభ్యంతరం రాస్తే 15 రోజుల్లో బ్యాంకు జవాబు ఇచ్చి తీరాలి.

అనుమతి వెంటనే రాలేదు. "పార్టీని తీసుకురండి, అప్పుడు చూద్దాం" అన్నారు. సహజమే, వాళ్లకి ఇలాంటి ఉత్తరాలు కాలయాపన కోసం చాలా వస్తాయి. నమ్మకం కలగాలంటే ఎంతో కొంత కట్టాలి. అక్క చేతి గాజులు అమ్మి లక్ష కట్టింది. అమ్మింది, తాకట్టు పెట్టలేదు. ఇంకో అప్పు మొదలెట్టొద్దని ఆవిడే అంది. ఆ లక్షతో సెక్షన్‌లో మాట తీరే మారిపోయింది.

రికవరీ వాళ్ల ఫోన్ల గురించి అడుగుతారు చాలామంది. ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. బ్యాంకుకి ఫిర్యాదు చేశాక 30 రోజులు జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, 14448 నంబరు.

లెక్క కాగితం మీద పెట్టండి

బావకి తన అప్పు ఎంతో తెలీదు. "ఇరవై ఉంటాదేమో" అన్నాడు. స్టేట్‌మెంట్ తీస్తే 22,85,000, అందులో పేపరు ప్రకటనల ఖర్చు, లాయర్ ఫీజు, వాల్యుయర్ ఫీజు కూడా ఉన్నాయి. అందుకే ఫలానా తేదీ నాటికి మొత్తం ఎంత, ఆ తర్వాత రోజుకి వడ్డీ ఎంత అని రాయించుకోండి. ఫ్లోటింగ్ వడ్డీ హోమ్ లోన్‌కి ముందే కట్టేసినందుకు పెనాల్టీ వేయకూడదు, వేస్తే అడగండి.

చివరికి మా లెక్క ఇలా తేలింది. ఇల్లు 35 లక్షలకి అమ్మాం. బ్యాంకుకి 22,85,000. బ్రోకర్‌కి 35,000, ఇంటి పన్ను, కరెంటు బాకీలు 18,000, డాక్యుమెంట్ల పని 10,000. చేతికి 11,52,000. అదే ఇల్లు వేలంలో 27 లక్షలకి పోయి, ఈలోగా వడ్డీ ఖర్చులతో బాకీ 24 అయి ఉంటే మిగిలేది 3 లక్షలు. వేలంలో మిగులు వస్తే యజమానికే ఇవ్వాలని చట్టంలో ఉంది, కానీ మిగలడానికి ముందు ధర రావాలి కదా.

ఇల్లు అమ్మినా అప్పు తీరదని లెక్కలో తేలితే అప్పుడు ఓటీఎస్ అడగాలి, అంటే ఒకేసారి కొంత తగ్గించి కట్టడం. ఊరికే తగ్గుతుంది కదా అని అడగకండి. ఓటీఎస్‌తో తీరిన అప్పు సిబిల్‌లో, అంటే మన అప్పుల చరిత్ర రికార్డులో, "సెటిల్డ్" అని పడుతుంది, మొత్తం కట్టేస్తే "క్లోజ్డ్" అని పడుతుంది. రేపు పిల్లాడి చదువుకి లోన్ కావాలంటే ఆ ఒక్క మాట అడ్డొస్తుంది.

రెండు ధరలు

అప్పుల్లో ఉన్న ఇంటికి రెండు ధరలుంటాయి, ఊరికి తెలియక ముందు ఒకటి, తెలిశాక ఒకటి. పాలకొండ రోడ్డు లోపల 150 గజాల్లో డాబా ఇల్లు అది. మొదట చూసినాయన 38 లక్షలదాకా వచ్చాడు. ఆ వారంలోనే స్వాధీనం నోటీసు పేపర్లో పడింది, బావ పేరు, వాళ్ల నాన్న పేరు, ఇంటి హద్దులు అన్నీ. ఆ సాయంత్రమే ఆయన ఫోన్ చేసి "ముప్పై అయితే ఆలోచిస్తాను" అన్నాడు. గేటు స్తంభానికి మైదా జిగురుతో అంటించిన కాగితాన్ని అక్క తడిపి, కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది పీకేసింది. పీకితే నోటీసు చెల్లకుండా పోదు, ఆవిడకి అది తెలుసు, అయినా పీకింది. నలుచదరంగా తెల్ల మచ్చ మిగిలిపోయింది. తర్వాత ఇల్లు చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ ఆ మచ్చ మీద చెయ్యి పెట్టి "ఇదేటి" అని అడిగేవారు.

కాబట్టి కాగితం పేపర్లో పడకముందే బేరం తేల్చుకోగలిగితే మంచిది. పటం వెనక పోయిన ఆ నలభై రోజుల విలువ మా బావకి మూడు లక్షలు.

పడ్డాక మాత్రం దాచకండి. మచ్చ గురించి అడిగితే మేమే బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించేవాళ్లం. దాచి చెప్పిన బేరం ఈసీ, అంటే ఇంటి మీద తనఖాలు చూపించే రిజిస్ట్రార్ ఆఫీసు సర్టిఫికెట్, తీయగానే తెగిపోతుంది, దాంతో పాటు మూడు వారాలు కూడా పోతాయి.

ఇక ముహూర్తాలు. ఇది బయటివాళ్లు రాసే ఏ సలహాలోనూ ఉండదు గానీ మన వైపు ఇదే అసలు గండం. ఆషాఢంలో కొనరు, పుష్యంలో కొనరు, మూఢం వస్తే అడ్వాన్స్ కూడా ఇవ్వరు, విజయనగరంలో అయితే పైడితల్లమ్మ సిరిమాను అయ్యేదాకా ఆగుదామంటారు. బ్యాంకుకి మూఢం తెలీదు. నోటీసు అందిన రోజే పంచాంగం తీసి, 60 రోజుల్లో కొనేవాళ్లు కదిలే రోజులు ఎన్నున్నాయో లెక్కేయండి. మాకు మధ్యలో మూఢం తగిలింది. పంతులు గారినే అడిగితే, అగ్రిమెంట్ ముందు రాసుకుని రిజిస్ట్రేషన్, గృహప్రవేశం మూఢం వెళ్లాక పెట్టుకోమన్నారు. ఆ మాట కొనేవాళ్ల ముందు ఆయన చేతే చెప్పించాం. మనం చెప్తే బేరం కోసం చెప్తున్నాం అనుకుంటారు.

కొనేవాళ్ల భయం తీర్చాలి

వాళ్ల భయం ఒక్కటే, డబ్బు ఇచ్చాక కాగితాలు రాకపోతే? దానికి మందు బ్యాంకు ఉత్తరం. ఇంత మొత్తం అందితే ఖాతా మూసి, ఫలానా ఒరిజినల్ డాక్యుమెంట్లు ఇచ్చి, తనఖా విడుదల చేస్తాం అని లెటర్‌హెడ్ మీద రాయించండి, డాక్యుమెంట్ల జాబితా జతచేయించండి. కొనేవాళ్లు కూడా లోన్ తీసుకుంటుంటే వాళ్ల బ్యాంకు అడిగేది కూడా ఈ ఉత్తరమే, దాన్ని బట్టి డీడీ నేరుగా మీ బ్యాంకు పేరు మీదే ఇస్తారు. ఎన్‌పీఏ ఇల్లంటే కొన్ని బ్యాంకులు వెనకాడతాయి, అందుకని మేం లోన్ లేకుండా సొంత డబ్బుతో కొనేవాళ్లకే మొగ్గు చూపాం. మా ఇల్లు కొన్నది గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన సోంపేట వైపు కుటుంబం.

అగ్రిమెంట్‌లో మీరు, కొనేవాళ్లు, కుదిరితే బ్యాంకు కూడా సంతకం చేసేలా చూడండి. బ్యాంకు సంతకం పెట్టకపోయినా అనుమతి ఉత్తరం నంబరు, తేదీ అందులో రాయండి. అడ్వాన్స్ ఎక్కడ వేయాలన్నది పెద్ద తగవు. మన చేతికిస్తే ఖర్చైపోతుందని వాళ్ల భయం, లోన్ ఖాతాలో వేస్తే బేరం చెడితే తిరిగి రాదని ఇంకో భయం. బ్యాంకులో నో లియన్ అకౌంట్ అని ఉంటుంది, డబ్బు బ్యాంకు దగ్గరే ఉంటుంది గానీ బేరం పూర్తయ్యేదాకా అప్పుకి జమ చేసుకోరు. మా రెండు లక్షల అడ్వాన్స్ అందులోనే వేయించాం. నగదుగా మాత్రం తీసుకోకండి, ఇల్లు అమ్మకంలో 20,000 ఆపైన నగదు తీసుకుంటే అంత మొత్తమూ పెనాల్టీ పడొచ్చు.

ఇల్లు ఇద్దరి పేరు మీద ఉంటే ఇద్దరూ సంతకం చేయాలి. కొడుకు దుబాయ్‌లో ఉంటే అక్కడి మన కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ అటెస్ట్ చేయించి పంపమనండి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇది ఆఖరి వారంలో మొదలెట్టే పని కాదు.

డబ్బు, కాగితాలు చేతులు మారే రోజు

ఒరిజినల్స్ చాలా బ్యాంకుల్లో బ్రాంచిలో ఉండవు, విశాఖలోనో ఇంకెక్కడో ఉంటాయి. రెండు వారాల ముందే తెప్పించమని రాయండి. అప్పు తీరిన 30 రోజుల్లో డాక్యుమెంట్లు ఇవ్వాలని, ఆలస్యమైతే రోజుకి 5,000 చెల్లించాలని 2023 డిసెంబరు నుంచి నిబంధన ఉంది. కానీ కొనేవాళ్లు 30 రోజులు ఆగరు.

మేం చేసిన వరుస ఇది. పొద్దున్న పదిన్నరకి అందరం బ్యాంకులో కూర్చున్నాం. కొనేవాళ్లు ఆర్టీజీఎస్ లోన్ ఖాతాకి కొట్టారు, పడిందని కౌంటర్‌లో కనపడ్డాక ఇంకేం బాకీ లేదన్న నో డ్యూస్ సర్టిఫికెట్ ఇచ్చారు, ఒరిజినల్స్ ఒక్కో పేజీ లెక్కపెట్టుకుని తీసుకున్నాం. బ్యాంకు అధికారి మాతోపాటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వచ్చి తనఖా విడుదల డాక్యుమెంటు రాసిచ్చారు. అది అయ్యాకే సేల్ డీడ్. మిగతా డబ్బు బావ ఖాతాలో పడ్డాక వేలిముద్ర వేశాడు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి ఏడున్నర శాతం కొనేవాళ్లదే, ధర మాట్లాడేటప్పుడు ఆ బరువు వాళ్ల బుర్రలో ఉంటుందని గుర్తుంచుకోండి.

ఈ మధ్యలో తగిలేవాళ్లు

నోటీసు పేపర్లో పడగానే మనుషులు వస్తారు. ఒకాయన "నేను బ్యాంకుకి కట్టేస్తా, అగ్రిమెంట్ నా పేర రాయి, నూటికి మూడు రూపాయల వడ్డీ" అంటాడు. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం, 22 లక్షలకి నెలకి 66,000. ఈఎంఐ కట్టలేని మనిషి అది కడతాడా? ఇంకొకాయన ఇంట్లో తను ఉంటూ మీ ఈఎంఐలు తనే కడతానంటాడు. అప్పు మాత్రం మీ పేరు మీదే. తను మానేసిన రోజు నోటీసు వచ్చేది మీకే.

సివిల్ కోర్టులో ఇంజంక్షన్ తెస్తాననే వాళ్లకి ఫీజు ఇవ్వకండి. ఈ చట్టం కింద బ్యాంకు తీసుకునే చర్యల మీద సివిల్ కోర్టుకి అధికారం లేదు, వెళ్లవలసింది విశాఖలో ఉన్న డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కి, అదీ స్వాధీనం చర్య జరిగిన 45 రోజుల్లోపు. నోటీసులో నిజంగా తప్పుంటే వెళ్లండి. టైము కోసమే అయితే వడ్డీ పెరుగుతూనే ఉంటుందని లెక్కలో వేసుకోండి. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

పన్ను, మిగిలిన పనులు

డబ్బంతా బ్యాంకుకే పోయింది కదా, ఇంకా పన్నేంటి అన్నాడు బావ. కానీ లాభం లెక్కేసేది అమ్మిన ధర మీద, మీ చేతికి వచ్చిన దాని మీద కాదు. తీర్చిన హోమ్ లోన్‌ని అమ్మిన ధరలోంచి తీసేయనివ్వరు. రెండేళ్లు దాటిన ఇల్లయితే లాభం మీద 12.5 శాతం, 2024 జులై 23కి ముందు కొన్నదైతే పాత పద్ధతిలో ఇండెక్సేషన్‌తో, అంటే కొన్న ధరని ద్రవ్యోల్బణం మేరకు పెంచుకుని, 20 శాతం లెక్కేసి ఏది తక్కువైతే అది కట్టొచ్చు. కట్టినప్పటి సిమెంటు, ఇనుము బిల్లులు, మేస్త్రీకి ఇచ్చిన లెక్కలు ఏవి దొరికినా ఆడిటర్ దగ్గరికి పట్టుకెళ్లండి.

రిజిస్ట్రేషన్ అయిపోయాక కూడా బావ ఖాతాలోంచి మరుసటి నెల ఐదో తారీఖున ఈఎంఐ పోయింది. ఆటో డెబిట్ మ్యాండేట్ రద్దు చేయమని ఎవరికీ తట్టలేదు. తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ ఉత్తరం కూడా నో డ్యూస్ అడిగే రోజే ఇచ్చేయండి, లోన్‌తో పాటు కట్టించుకున్న ఇన్సూరెన్స్‌లో మిగిలిన కాలానికి ఎంత వెనక్కొస్తుందో అదే ఉత్తరంలో అడగండి, నెల తర్వాత కొత్త ఈసీ, సిబిల్ రిపోర్టు రెండూ తీసి చూసుకోండి.